చుక్కలు లేని పువ్వు

2023 జూన్‌లో నన్ను జగిత్యాల నుంచి సిరిసిల్లలోని ఒక నేత డిజైన్ కేంద్రానికి సీనియర్ డిజైనర్‌గా వేశారు. పదవీ విరమణకు ఏడాదిన్నర ఉంది. నేను డ్రాయింగ్ డిప్లొమా చదివినవాడిని, మగ్గం ముందు నిలబడి పనిచేసినవాడిని కాదు. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది, తర్వాత జరిగిన తప్పుకు మూలం అక్కడే ఉంది.

మరమగ్గాల మీద నేసే చీరల అంచులకు కొత్త డిజైన్లు తయారుచేయడం మా కేంద్రం పని. ఆ వానాకాలం మా పై అధికారి ఇకమీదట బొమ్మలన్నీ ఏఐతో తీయమన్నారు. వినడానికి సులువే. కానీ ఏఐ ఇచ్చే బొమ్మ మామూలుగా ఫోటోలాంటిది. పెద్దది చేస్తే చెదిరిపోతుంది, అందులోంచి ఒక్క ఆకును పట్టుకుని పక్కకు జరపలేం. మాకు కావలసింది వెక్టర్. అంటే ప్రతి రేకూ ప్రతి ఆకూ గీతలతో చేసిన విడి ఆకారంగా ఉండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు సాగదీయడానికీ రంగు మార్చడానికీ వీలవ్వాలి. అందుకే ఏఐని అడగడంలోనే కిటుకంతా ఉంది. నాలుగు రంగులకు మించొద్దు, నీడలు వద్దు, ఒక రంగు ఇంకో రంగులోకి కరగొద్దు, ప్రతి ఆకారం చుట్టూ గీత పూర్తిగా మూసుకోవాలి. అలా వచ్చిన బొమ్మను ట్రేస్ చేసి వెక్టర్‌గా మార్చి, దాన్నుంచి ఏ పోగు ఎక్కడ పైకి రావాలో మగ్గానికి చెప్పే గళ్ల నమూనా తీస్తాం. నెల తిరక్కుండానే ఆ విద్య నాకు పట్టుబడింది. దాంతోపాటు గర్వమూ వచ్చింది, దాచను.

అంతకుముందు ఆ గళ్ల నమూనా జహీర్ మాస్టర్ చేసేవారు. కోరుట్ల నుంచి ప్రతి మంగళవారం బస్సులో వచ్చి, మేం గీసిన బొమ్మను గ్రాఫు కాగితం మీద కుంచెతో గడి గడికీ రంగు నింపి ఇచ్చేవారు. కాంట్రాక్టు మనిషి. జీవితమంతా ఆ పనిలోనే గడిచింది, మరో పని రాదు.

ఆయన పాత గ్రాఫులనే నేను ఏఐకి నమూనాలుగా ఇచ్చాను. వాటిలో పెద్ద రేకుల మధ్య చిన్న చిన్న చుక్కలుండేవి. అవి పాతకాలపు అలంకారమనుకున్నాను. ఏఐ ఆ చుక్కలతో సహా గీసింది. ట్రేస్ చేస్తే ఒక్కో చుక్కా ఒక్కో ఆకారమై, ఫైలు నిండా చెత్త పేరుకున్నట్టు కనిపించింది. చుక్కలు వద్దని మళ్లీ అడిగాను. ఇంకా మిగిలినవాటిని, చిన్న మరకలను వదిలేసే అమరికతో ఊడ్చేశాను. గళ్ల నమూనా తీసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఏదో హెచ్చరిక చూపింది. చదవకుండానే సరే నొక్కాను.

తర్వాతి మంగళవారం వచ్చిన మాస్టర్‌కు, ఇక గ్రాఫులు అవసరం లేదని నేనే చెప్పాల్సి వచ్చింది. కొత్త అంచును తెర మీద చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"పువ్వు మంచిగున్నది సారూ. గని గింత పెద్ద రేకు నడిమిట్ల పోగు ఏడ ఆగుతది?"

పని పోతున్న మనిషి బాధ అనుకున్నాను. అవన్నీ కంప్యూటర్ చూసుకుంటుందని అన్నాను. ఆయన టీ తాగి, కుంచెలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆ డిజైన్‌ను మొదట నేసినవాడు సదానందం, సొంత మగ్గాలున్న నేతకారుడు. చీరలు కళ్లు చెదిరేలా వచ్చాయి. జగిత్యాలలో ఒక బట్టల షాపుకు వెళ్లాయి, పది రోజులకే తిరిగొచ్చాయి. రేకుల మీది పోగులు గాజులకు తగులుకుని ఉచ్చుల్లా లేచిపోతున్నాయి. పోగు రేకు ఈ చివర నుంచి ఆ చివరకు వదులుగా తేలిపోకుండా, మధ్యమధ్యలో నేతలోకి దించి పట్టే చోట్లే ఆ చుక్కలు. చెత్త అని నేను ఊడ్చేసింది వాటినే, చదవకుండా సరే నొక్కిన హెచ్చరికా దాని గురించే.

సదానందం నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అతను తల వంచుకుని చెప్పాడు.

"మగ్గం మీదున్నప్పుడే పోగులు తేలుతున్నయని చూసిన సారూ. పెద్ద సార్లు కంప్యూటర్ల గీసిండ్రు, నాకేం ఎరుకని ఊకున్న."

వారం తర్వాత లాప్‌టాప్ పట్టుకుని కోరుట్ల వెళ్లాను. జహీర్ మాస్టర్ మంచంలో ఉన్నారు. పక్షవాతంతో కుడిచేయి పడిపోయిందని ఆయన భార్య చెప్పింది. సంగతంతా విని ఆయన మొదట అడిగింది సదానందం గురించే. మగ్గానికి ఎక్కించిన వార్పు, ఆ నిలువు పోగంతా పోయిందా అన్నారు. పోయిందన్నాను. ఆయన నా వైపు తిరిగారు.

"ఆ రోజు ఇంకోపారి చెప్పేదుండె సారూ. నాదే తప్పు."

నేను లాప్‌టాప్ తెరిచి ఆయన పక్కన పెట్టాను.

రెండు మధ్యాహ్నాలు ఆయన ఎడమచేతి వేలితో తెర మీద చూపిస్తూ పోయారు, నేను చుక్కలు పెడుతూ పోయాను. వెక్టర్ కాబట్టి ఒక్కో చుక్కనూ ఆయన చెప్పినట్టు జరపగలిగాను. కొన్ని చోట్ల చుక్కల వరుసే రేకు ఈనెలా కుదిరి, పువ్వు ముందుకన్నా అందంగా వచ్చింది. ఆ అంచుతో చీర మగ్గం దిగకముందే ఆయన చనిపోయారు.

డిజైన్ రిజిస్టరులో రూపకర్త అని ఒక గడి ఉంటుంది. అందులో ఆయన పేరు రాశాను. కాంట్రాక్టు వాళ్ల పేర్లు రాయకూడదని అధికారి దాన్ని కొట్టేసి, నా పేరు రాయించారు. కింద నేను సంతకం పెట్టాను. సిగ్గుపడుతూనే పెట్టాను, కానీ పెట్టాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పని తెలిసిన మనిషి ఒక మాట అడ్డు చెబితే, ఆ మాట వెనక అతను ఏం పోగొట్టుకుంటున్నాడని లెక్కవేయకండి. అతనికి ఏం కనిపించిందో అడగండి.