కారు వెనక కట్టుకెళ్లిన ఇల్లు

మొన్న తెనాలిలో రైలు దిగి నడుస్తుంటే, ఎక్కడో కొత్త లారీకి రంగు వేస్తున్న వాసన వచ్చింది. ఎనామిల్ రంగు, టర్పెంటైన్, అప్పుడే కోసిన టేకు పొట్టు. మూడూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా వయసు పాతికేళ్లు తగ్గిపోయింది. జుట్టు మాత్రం తిరిగి రాలేదు. ఆ వాసనలోంచి నాకెప్పుడూ ఒక్క మనిషే నడిచొస్తారు, బసవయ్యగారు. డెబ్బైల మొదట్లో ఆయన ఆ ఊళ్లోనే తన షెడ్డులో బస్సులకూ లారీలకూ బాడీలు కట్టేవారు, నేను వాటి మీద ఊళ్ల పేర్లు రాసేవాణ్ణి. ఆయన్ని మీరు చూసి ఉండరు కనుక చెబుతున్నాను. మనిషి ఎంత పొడగరి అంటే, బస్సు ఎత్తు కొలవడానికి టేపు తీసేవారు కాదు, వెళ్లి పక్కన నిలబడేవారు. ఇందులో కొంచెం కల్పన ఉంది. ఎంత ఉందో చెప్పను.

ఆయనకు ఒక్కతే కూతురు, సరోజిని. రేపల్లెలో ధాన్యం వ్యాపారం చేసే ఇంటికి ఇచ్చారు. బసవయ్యగారి వంశంలో ఒక ఆచారం ఉండేది. కూతురికి బిడ్డ పుట్టేదాకా కన్నవాళ్లు ఆమె ఇంట చెయ్యి కడగకూడదు. అంటే అక్కడ అన్నం తినకూడదు, రాత్రి ఉండకూడదు. చాలామందికి ఏడాదో రెండేళ్లో ఓపిక పడితే తీరిపోయే సంగతి. సరోజినికి ఏళ్లు గడిచినా పిల్లలు కలగలేదు. ఆ ఏళ్లన్నీ ఆయన పొద్దుటి రైలుకు రేపల్లె వెళ్లి, కూతురి అరుగు మీద కాసేపు కూర్చుని, మంచినీళ్లయినా ముట్టకుండా మళ్లీ రైలెక్కేవారు. ఒక వేసవిలో ఆ అమ్మాయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. ఆయన అలవాటుగా పక్కన పెట్టారు.

"మీరు నీళ్లు పక్కన పెట్టినప్పుడల్లా నాకు పిల్లలు లేరని వీధంతటికీ చెప్పినట్టుంటుంది నాన్నా. ఇకమీదట తినేట్టయితేనే రండి" అని ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుందట.

ఈ సంగతి మాకు ఆయన భార్య వెంకాయమ్మగారు చెప్పారు. ఆయన మాత్రం తిరిగొచ్చాక షెడ్డులో ఎవర్నీ తిట్టడం మానేశారు. దాంతో మాకందరికీ భయం పట్టుకుంది. ఆచారం పక్కన పెట్టి ఒక ముద్ద తినొచ్చుగదా బాబాయిగారూ అని నేనే ధైర్యం చేసి అడిగాను. ఆయన కోప్పడలేదు. "తిన్నాననుకో అబ్బాయ్. రేపు ఆ పిల్లకి తలనొప్పొచ్చినా ఆ ముద్ద వల్లే వచ్చిందనుకుంటాను. నన్ను నేనెరగనా" అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, బజ్జీలు కట్టిచ్చిన పొట్లం విప్పుతుంటే నూనె మరకల మధ్య ఒక బొమ్మ కనిపించింది. ఏదో విదేశీ పత్రిక కాగితం. మామూలు కారు, దాని వెనక కిటికీలున్న చిన్న గది, గది గుమ్మంలో కాఫీ తాగుతున్న మొగుడూ పెళ్లాలూ. ఆయన బజ్జీలు మాకిచ్చేసి కాగితం పట్టుకుని కూర్చున్నారు. వీళ్లు ఇల్లొదలకుండా ఊరెళ్తున్నారర్రా అన్నారు. ఆ దేశాల్లో జనం సరదా కోసం చేసుకున్న ఏర్పాటు. మా బసవయ్యగారికి మాత్రం అందులో రేపల్లె కనిపించింది. కూతురి వాకిట్లో తన ఇల్లు పెట్టుకుని, తన ఇంట్లో తాను తింటే ఏ ఆచారం కాదంటుంది?

బాపట్లలో పాత సామాన్లు వేలం వేస్తుంటే రెండు చక్రాల ఇరుసొకటి కొనుక్కొచ్చారు. దాని మీద టేకు చట్రం, పైన రేకు, పక్కన బస్సు కిటికీలు, లోపల రెండు బల్లలు, కిరసనాయిలు స్టవ్వుకు ఒక గట్టు. ఆ ట్రైలర్‌ను లాగడానికి తమ అంబాసిడర్ కారుకు వెనక కొక్కెం బిగించారు. ఇల్లన్నాక గృహప్రవేశం ఉండాలని వెంకాయమ్మగారు పట్టుబట్టారు. పాలు పొంగించారు, మామిడాకులు కట్టారు. వంటగది ఆగ్నేయంలో ఉండాలిగదా. షెడ్డులో ట్రైలర్ మూతి ఉత్తరానికి ఉంది కనుక ఆగ్నేయం వెనక మూలకు వచ్చింది. స్టవ్వు, రుబ్బురోలు, బియ్యం బస్తా, నీళ్ల బిందెలు, పచ్చడి జాడీలు అన్నీ శాస్త్రప్రకారం ఆ మూలకే చేరాయి. ఇంత మంది పెద్దలం ఉన్నాం, ఆ ఇల్లు కదులుతుందన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

రేపల్లెకు వాళ్లిద్దరితో నేనూ బయల్దేరాను. తెనాలి దాటేదాకా బండి బుద్ధిగానే వచ్చింది. అమృతలూరు దారిలో కారు కాస్త ఊపందుకోగానే తోక ఆడించడం మొదలుపెట్టింది. నేను వెనక సీట్లోంచి చూస్తున్నాను. మా ఇల్లు ఒకసారి కుడివైపు చేలు చూసొచ్చేది, ఒకసారి ఎడమవైపు చేలు చూసొచ్చేది. కారు వెనక చక్రాలు నేల మీద ఉన్నాయో లేదో నాకు అనుమానమే. ఆ రోజు మేం లేపిన దుమ్ము ఇప్పటికీ కొందరి చూరుల్లో ఉందంటారు. ఆయన ఎలాగో ఆపి, స్టీరింగు వదలకుండా చెమటలు కక్కుతూ కూర్చున్నారు.

వెంకాయమ్మగారు కొంగుతో మొహం తుడుచుకుని నెమ్మదిగా అడిగారు. "ఏవండీ, చిన్నప్పుడు ఎడ్లబండి తోలిన మనిషేగా మీరు. బస్తాలన్నీ వెనకేస్తే కాడి గాల్లోకి లేవదటండీ?"

 ఆయన పొట్ట కదిలేలా నవ్వడం మొదలుపెట్టి, దిగి, రోడ్డు పక్కన కూర్చుని మరీ నవ్వారు. సామానంతా ముందుకు మార్చాం. మరి ఆగ్నేయం సంగతేంటండీ అని నేను గిల్లాను. దిక్కులెక్కడికీ పోవు, మనమే తిప్పుకుని నిలబెడదాం అన్నారు. అక్కణ్ణుంచి బండి పెళ్లికూతురిలా తల వంచుకుని వచ్చింది.

సరోజిని వాళ్లది వడ్లు ఆరబోసుకునేంత వాకిలి. ట్రైలర్ మూతి సరిగ్గా ఆగ్నేయానికి వచ్చేదాకా ఆయన అందులో కారును గుండ్రంగా తిప్పుతూనే ఉన్నారు. వీధి వీధంతా వచ్చి నిలబడింది. చివరికి బండి ఆగేసరికి దాని గుమ్మం కూతురి గుమ్మానికి ఎదురుగా వచ్చింది. ఆ తలుపు మూసే ఉంది. వెంకాయమ్మగారు స్టవ్వు వెలిగించి పప్పు పడేశారు. బసవయ్యగారు మెట్టు మీద కూర్చున్నారు. అంత పెద్ద మనిషి, కూతుర్ని పిలవడానికి నోరు రాక గోళ్లు చూసుకుంటున్నారు.

పోపు వాసనకో ఏమో, తలుపు తెరుచుకుంది. సరోజిని వాకిలి దాటి వచ్చి, చక్రాల నుంచి మామిడాకుల దాకా తీరిగ్గా చూసింది.

"ఇదెవరిల్లు నాన్నా?"

"మనదేనమ్మా."

"అయితే నేను పుట్టింటికొచ్చానన్నమాట" అని, ఆయన్ని పక్కకు జరగమని, పైకెక్కేసింది. తల్లి చేతిలోంచి గరిటె తీసుకుంది. పెళ్లయ్యాక మొదటిసారి తండ్రికి తన చేత్తో వడ్డించింది. ఆయనకు కళ్లనీళ్లు వచ్చాయి. గోంగూరలో కారం ఎక్కువైందని వెంకాయమ్మగారిని తిట్టారు. తిట్టు వినపడగానే మనిషి బాగుపడ్డాడని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో అల్లుడుగారు తన వాకిట్లోనే ఉత్తరీయం సర్దుకుని బిగుసుకుని నిలబడ్డారు. భోజనానికి రమ్మంటే, "అత్తారింటికి పిలుపు లేకుండా ఎలా వస్తానండి మావయ్యగారూ" అన్నారు. బసవయ్యగారు బొట్టు భరిణె పట్టుకుని మెట్లు దిగి, పది అడుగులు నడిచి, వాళ్ల గడప దగ్గర పద్ధతిగా పిలిచి తీసుకొచ్చారు.

వారం ఉన్నాం. ఒక రోజు అందరం బాపట్ల వెళ్లి సముద్రం చూసొచ్చాం, ఇల్లు వెంటబెట్టుకునే. తిరుగు ప్రయాణం నాటి ఉదయం చూస్తే కొక్కెం ఊడదీసి ఉంది. పుట్టిల్లు ఇక్కడే ఉండనివ్వండి నాన్నా అంది సరోజిని. ఆ తర్వాత వాళ్లిద్దరూ చేతులూపుకుంటూ రైల్లో వెళ్లేవారు, కూతురి వాకిట్లోని తమ ఇంట్లో తిని పడుకునేవారు. పిల్లలు పుట్టారా అని మీరడుగుతారు. ఆ ప్రశ్న ఆ వాకిట్లో తర్వాత ఎవరూ అడగలేదు. నేనూ రాయను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఎవరికో ఏదో అడ్డుపడి, ఒకళ్లనొకళ్లు చూసుకోలేక, మా ఇళ్లల్లో అది కుదరదండి అని నా దగ్గర కళ్లొత్తుకుంటే, అది తప్పని నేను వాదించను, సరేనని ఊరుకోనూ లేను. వాళ్ల వాకిలి ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని అడుగుతాను.