పుళ్ళు కప్పిన పెన్సిలు

గోడమీద ఆ ఫొటోకి రోజూ దుమ్ము దులుపుతారు కదా, అందులో ఉన్నవి ఎవరి చేతులు, తీసిందెవరు అని ఒక్కరైనా అడిగారా? నోరు తెరిస్తే తినడానికేముంది అంటారు. కూర్చోండి. రాసుకునేవాళ్ళు రాసుకోండి, నాకెలాగూ రాయడం రాదు.

అది తీసింది మా అక్క.

మా నాన్న ఆడపిల్లని గడప దాటనిచ్చేవాడు కాదు. వీధివైపు కిటికీకి మేకులు కొట్టించిన మనిషి. మా మేనమామకి ఫొటో స్టూడియో ఉండేది. ఫిలిం మీద సన్న పెన్సిలుతో దిద్దితే మొహం మీది మచ్చలూ ముడతలూ మాయమైపోతాయి. ఆ పని మామయ్య ఇంటికి పంపేవాడు. ఇంట్లో కూర్చుని చేసేదే కదా అని నాన్న సరేనన్నాడు. పదిహేనేళ్ళు అక్క వంటింటి వెలుతురులో కూర్చుని దిద్దింది. ఊరందరి మొహాలూ అక్కకి తెలుసు. అక్క మొహం ఊళ్ళో ఒక్కరికీ తెలియదు.

నాన్న పోయాడు, మామయ్యకి చేతులు వణకడం మొదలైంది, స్టూడియో అక్క మీద పడింది. అక్కడికి కూడా గోడవారగా, తల దించుకుని, దొంగతనానికి వెళ్తున్నట్టు వెళ్ళేది.

ఒకరోజు రంగుల మిల్లు ఆడవాళ్ళు వచ్చారు. రంగునీళ్ళలో నానీ నానీ వాళ్ళ చేతులు పుళ్ళుపడ్డాయి. అదేం లేదంటాడు మిల్లు యజమాని. పై ఊళ్ళో ఉన్న ఆఫీసరు, రుజువుకి ఫొటోలు పంపమన్నాడు. అక్క తీసింది. తీసి, అలవాటు కొద్దీ పెన్సిలు పట్టుకుని, రెండు రోజులు కూర్చుని పుళ్ళన్నీ కప్పేసింది! "ఎంత బాగా వచ్చాయే" అని మెచ్చుకున్నది నేనే. ఇద్దరికిద్దరం తెలివితక్కువవాళ్ళమే.

చేతులు నిక్షేపంలా ఉన్నాయి, వారంలో వేరే రుజువు రాకపోతే ఫిర్యాదు కొట్టేస్తాం అని జవాబొచ్చింది. ఆ ఆడవాళ్ళలో పెద్దావిడ ఉత్తరం తెచ్చి బల్లమీద పెట్టింది.

"మా పుళ్ళు దాచాలని మిల్లాయన నానా తంటాలు పడుతున్నాడమ్మా. నువ్వు ఉత్తపుణ్యానికి దాచిపెట్టావు."

మర్నాడు పొద్దున్నే అక్క కెమెరా భుజాన వేసుకుని నడివీధిలో నడిచింది. వెనకే ఉన్నాను, చూశాను. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డొచ్చాడు.

"ఏమ్మా, మీ ఇంట్లో మగాళ్ళు లేరా?"

"ఉన్నారు నాయనా. వాళ్ళకి వీధిలోకి రావాలంటే భయం," అంది అక్క.

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నవ్వుతూనే వరసగా చేతులు చాపారు. ముప్పై ఒక్క జతలు, ఆ గోడమీద ఉన్నవి అవే. ఈసారి ఒక్క గీత కూడా దిద్దలేదు. వారం దాటకముందే ఫొటోలు అందాయి. ఆఫీసరు స్వయంగా దిగాడు. మిల్లు ఆ ఆడవాళ్ళకి చేతితొడుగులిచ్చింది, వైద్యం చేయించింది.

ఆ తర్వాత ఎక్కడ ఎవరి బాధ అబద్ధమన్నా అక్కకి కబురొచ్చేది. వెళ్ళేది. తలెత్తుకునే వెళ్ళేది.

ఆ పెన్సిలు నాకిచ్చేసింది. చదువు రానిదాని దగ్గరుంటే ఎవరికీ ప్రమాదం లేదంది. ఇప్పటికీ నా పెట్టెలోనే ఉంది, చెక్కలేదు.

అక్క డెబ్బై మూడో ఏట పోయింది.