పంతొమ్మిదో కొక్కెం

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట. ప్రతిదానికీ కారణం ఉంటుంది, మనమే వెతకం అని వాదించేవాణ్ణి. అందుకే ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

తొంభైల్లో మణుగూరు వైపు ఒక బొగ్గు గనిలో కంప్యూటర్ పెట్టాం. కార్మికుడు లోపలికి దిగేటప్పుడు తన నంబరు బిళ్లను బోర్డు మీది కొక్కెం నుంచి తీసుకెళ్తాడు. పైకొచ్చాక మళ్లీ తగిలిస్తాడు. తగిలించగానే కంప్యూటర్‌కి సిగ్నల్ వెళ్తుంది. దాన్ని అందుకునే డ్రైవర్ ప్రోగ్రామ్ రాసింది నేనే.

మధ్యాహ్నం మూడింటికి కరెంటు కోత, మెషీన్ ఆపక తప్పదు. అలా ఆపేటప్పుడే నాలుగు రోజులకోసారి కుప్పకూలేది. లోపల ఇంకా ఎవరున్నారో చెప్పే జాబితా పోయేది. "నెలాఖరులోగా బాగుచేయండి, లేదంటే పెట్టె సర్దుకోండి" అన్నారు మేనేజరుగారు. ఆయనన్నది న్యాయమే. అది మనుషుల ప్రాణం సంగతి. తేల్చకుండా కదిలేది లేదనుకున్నాను.

వారం రోజులు కోడ్‌తో కుస్తీ పట్టాను. చివరికి దారి చూపింది, గనిలోకి దిగేవాళ్లకు కిటికీలోంచి దీపాలిచ్చే లాంప్ రూమ్ పోచయ్య. మూడింటికి ఆయన కిటికీ మూసే పద్ధతి చూశాను. ముందు దీపాలివ్వడం ఆపుతాడు. "ఇంకెవలన్న ఉన్నరా?" అని మూడుసార్లు కేకేసి ఆగుతాడు. ఆ తర్వాతే మూస్తాడు.

నా డ్రైవర్ దీనికి సరిగ్గా తలకిందులు. ఆపమనగానే, సిగ్నళ్లు వచ్చి చేరే మెమరీని ముందే వదిలేసేది. అదే క్షణంలో ఎవరైనా బిళ్ల తగిలిస్తే ఆ సిగ్నల్‌కి దిక్కుండదు, మెషీన్ కూలుతుంది. ఛీ, ఇంత తెలివితక్కువగా రాశానా అని నా మీద నాకే మండింది. కొత్త సిగ్నళ్లు ఆపి, దారిలో ఉన్నది చేరేదాకా ఆగి, అప్పుడు వదిలేలా మార్చాను. చివరగా ఏ నంబరు కోసం ఆగిందో తెరమీద చూపించమన్నాను.

మర్నాడు మూడింటికి ఆపాం. ఒక్క క్షణం తటపటాయించి మెషీన్ శుభ్రంగా ఆగింది. తెరమీద 19.

పంతొమ్మిదో కొక్కేనికి అసలు తీగే లేదు. ఆ నంబరు ఎవరికీ ఇవ్వరని పోచయ్య చెబితే నేనే కలపలేదు. తీగలన్నీ వచ్చి కలిసే సర్క్యూట్ కార్డు మార్చాను. కోడంతా మళ్లీ చదివాను. రోజూ అదే 19.

పోచయ్యని అడిగితే బోర్డు వంకే చూస్తూ చెప్పాడు.

"ఆ నంబరోడు పైకి రాలే సారూ. ఎన్కట ఒకనాడు అందరొచ్చిండ్రనుకొని నేనే జల్దీ కిటికీ మూసిన. లోపల కప్పు కూలింది. వాడు ఉన్నడని తెలిసేసరికే ఆలస్యమైంది. గప్పటి సంది కేకేసి ఆగుతున్న."

19ని పట్టించుకోవద్దని ఒక్క లైను రాస్తే సరిపోయేది. కీబోర్డు మీద చేతులు కూడా పెట్టాను. రాయలేకపోయాను.

మెషీన్ మళ్లీ ఎప్పుడూ కూలలేదు. తీగ లేని చోటి నుంచి సిగ్నల్ ఎలా వచ్చేదో ఈ రోజుకీ నాకు తెలియదు. నేనక్కడ ఉన్నన్నాళ్లూ పోచయ్య మాత్రం తెరమీద 19 పడ్డాకే కిటికీ మూసేవాడు.