వాసన గడిలో అమ్మ రాసిన మాట

మా చిన్నప్పుడు, అంటే తొంభైల్లో, చిక్కడపల్లి సందుల్లో సగం కార్లు వంటింటి వాసన వేసేవి... పెట్రోలు ఖర్చు భరించలేక జనం కార్లకు గ్యాస్ కిట్లు పెట్టించుకునేవారు. ఒక ఎండాకాలం మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది.

పెదనాన్న బదిలీ మీద వెళ్తూ మాకు ఇచ్చేసిన పాత నీలం కారు అది. నాన్న ఆఫీసుకు స్కూటరు మీదే వెళ్లేవారు. కారు మీద కప్పిన దుప్పటి పండగలకు కూడా తీసేవారు కాదు.

క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక అమ్మకు కరెంటు పెట్టాలన్నారు డాక్టర్లు. రేడియేషన్‌ను మా ఇళ్లలో అలాగే అనేవారు. ఆరు వారాలు... ఆదివారం తప్ప ప్రతిరోజూ, ఊరికి ఆ చివరనున్న ఆసుపత్రికి. ఆటో కుదుపులకు అమ్మకు వాంతులయ్యేవి. కారులోనే తీసుకెళ్లాలి. అంత దూరం రోజూ పెట్రోలు మీద అంటే నాన్న జీతంతో అయ్యే పని కాదు.

నాన్న క్యాలెండర్ కాగితం వెనక నిలువుగా ఒక గీత, అడ్డంగా గడులు గీశారు. ఎడమ పక్క నారాయణగూడ షాపు. విదేశీ కిట్టు, డిక్కీలో బిగించిన ట్యాంకు, గ్యాస్ కారినా బయటికే పోయేలా ఒక గొట్టం. కుడి పక్క అశోక్‌నగర్ గల్లీలో మెకానిక్ యాదన్న. చవక కిట్టు, డిక్కీలో మన వంటగ్యాస్ బండే. అలా పెట్టకూడదని అందరికీ తెలుసు... అయినా పెట్టించేవారు.

చివరి గడి "వాసన". రెండు పక్కలా ఖాళీ.

"గది మీ అమ్మ చెప్పాలె," అన్నారు నాన్న.

ఆపరేషన్ తర్వాత అమ్మకు ఏ వాసనా పడేది కాదు. నానమ్మ పోపు వేస్తే లేచి వాకిట్లోకి వెళ్లిపోయేది.

నారాయణగూడ పక్కన, కింద, చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. "స్కూటరు అమ్మాలె." అమ్మ అది చదివింది. నేను చూశాను.

ఆదివారం ముగ్గురం వెళ్లాం. నారాయణగూడలో కిట్టు పెట్టిన కారులో కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పారు. ఏ వాసనా లేదు. అమ్మ ఎడమ గడిలో "లేదు" అని రాసింది.

అశోక్‌నగర్‌లో యాదన్న తన సొంత కారు తలుపు తీశాడు. "కూసో అక్కా. మా పిల్లలు రోజు దీంట్లనే బడికి పోతరు."

"వాసన రాదు గదా యాదన్నా?"

"మా ఇంటామె తాలింపు కంటే తక్కువనే వస్తది సార్!"

నాన్న నవ్వారు. కారు కదిలింది. కాసేపటికి వెనక నుంచి సన్నగా వచ్చింది... పొయ్యి ఆరిపోయి గ్యాస్ పోతుంటే వచ్చే వాసన.

నాన్న ముందు సీట్లోంచి తిరిగి చూశారు. "సుగుణా, ఏమన్న వస్తున్నదా?"

"ఏం వస్తలేదండీ."

"నీకో పద్దూ?"

అమ్మ చెయ్యి నా మణికట్టు మీద పడింది. గట్టిగా కాదు.

"లేదు నాన్నా," అన్నాను.

అమ్మ కాగితం మోకాలి మీద పెట్టుకొని కుడి గడిలో కూడా "లేదు" అని రాసింది.

గ్యాస్ బండ డిక్కీలోకి వెళ్లింది. సజ్జ మీది కిరసనాయిలు వత్తుల స్టవ్ కిందికి దిగింది. "బండికి గ్యాసు, మనకు పొగనా? గీ కారే పెద్దకొడుకైనట్టున్నది ఇంటికి!" అని నానమ్మ రోజూ సాధించేది.

బడి సెలవులు కాబట్టి నేనూ వెళ్లేదాన్ని. నాన్న పెట్రోలు మీద స్టార్ట్ చేసేవారు. నారాయణగూడ దాటాక పెట్రోలు నుంచి గ్యాస్‌కు మార్చే స్విచ్ నడుమకు జరిపేవారు. అక్కడ పెట్రోలూ రాదు, గ్యాసూ రాదు... మిగిలిన చుక్కలు అయిపోయి ఇంజను దగ్గగానే గ్యాస్‌కు వేసేవారు. ఆ దగ్గు వినపడగానే అమ్మ కొంగు ముడి విప్పి, నిమ్మకాయను గోటితో గిచ్చి ముక్కు దగ్గర పెట్టుకునేది.

"ఆ నిమ్మకాయ ఏందే?" అన్నారు నాన్న ఒకరోజు.

"ఎండకు."

తిరిగొచ్చేటప్పుడు ఆ నిమ్మకాయను సీటు కిందికి జార్చేది. మర్నాటికి కొత్తది కొంగున కట్టడం నా పని.

ఆరు వారాలూ ఒక్కరోజు తప్పలేదు.

మరుసటి ఏడు అమ్మ లేదు.

కారు అమ్మే ముందు కడుగుతూ నాన్న వెనక సీటు ఊడదీశారు. కింద నిమ్మకాయలు... ఎండి, నల్లబడి, గోలీల్లా గట్టిపడి. ఒకటి చేతిలోకి తీసుకున్నారు. గోటి గాట్లు అలాగే ఉన్నాయి. చాలాసేపు చూశారు.

"ఆ దినం యాదన్న కారుల... నీకు గూడ వచ్చిందా బిడ్డా?"

"వచ్చింది."

నాన్న బకెట్లో నీళ్లు మార్చుకొచ్చి మిగిలిన సగం కారు కడిగారు. నేను గుడ్డ పిండి అందించాను. ఏడుపు వస్తుందేమో అని చూశాను... రాలేదు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా మామూలుగానే తిన్నాను.

స్కూటరు మాత్రం నాన్న రిటైరయ్యే దాకా నడిపారు.

ఆ క్యాలెండర్ కాగితం ఇప్పుడు నా లెక్కల ఫైల్లో, కరెంటు బిల్లుల వెనక ఉంది. రెండు "లేదు"ల్లో రెండోది కాస్త ఒత్తి రాసినట్టుంటుంది. వెనక వేలు పెడితే తగులుతుంది.

మొన్న మా వారు కొత్త కారు కొన్నారు. ఇప్పుడు కంపెనీ నుంచే గ్యాస్‌తో వస్తున్నాయి. మెకానిక్కుల చుట్టూ తిరగక్కర్లేదు, గీతలు గీయక్కర్లేదు. "వాసన అస్సలు రాదు మేడమ్," అన్నారు షోరూంలో. వెనక సీట్లో కూర్చొని, అద్దాలన్నీ ఎక్కించి చూశాను.

నిజంగానే రాదు...

మీ ఇళ్లలో కూడా ఎవరైనా అలా "లేదు" అని రాసి ఉంటే, ఇక్కడ చెప్పండి. నేను చదువుతాను.