ఫ్లాపీకి పెట్టిన గంధం బొట్టు

మా చిన్నప్పుడు దసరా వస్తే కంప్యూటర్లకి కూడా బొట్లు పెట్టేవాళ్లం... ఏలూరులో మా పిన్ని పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లో మానిటర్‌కి పసుపు, కీబోర్డుకి కుంకుమ, మౌస్ మీద ఒక బంతిపువ్వు. గంధం తీసే పని నాది. ఆ ఏడు నాకు తొమ్మిదేళ్లు. చేతులు ఎర్రబడేదాకా సాన మీద అరగదీశాను.

ఆ బల్ల మీదే పిన్ని ఫ్లాపీ ఒకటి ఉంది. కంప్యూటర్లో చేసిన పని దాచుకునే, అరచేతిలో పట్టే పలక అది. అందులో ఏముందో ఇప్పటి పిల్లలకి కాస్త చెప్పాలి.

అప్పట్లో పిల్లలందరూ ఆడే గెంతుల ఆట ఒకటి ఉండేది. ఒకడు పరిగెడుతూ, గెంతుతూ, గొట్టాల్లో దూరుతూ పోతాడు. ఆ ఆట మీద ప్రేమకొద్దీ ఎవరో, ఏ దేశంవాళ్లో, దాన్ని విప్పి మనకి నచ్చినట్టు మళ్లీ కట్టుకునే పనిముట్టు తయారుచేసి ఊరికే పంచిపెట్టారు. కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో అది పిన్నికి దొరికింది.

క్లాసులయ్యాక రోజూ కూర్చుని, ఏడాదిపాటు గడి గడికీ రంగు నింపి, ఆ ఆటని కొల్లేటికి తెచ్చేసింది మా పిన్ని. గొట్టాలు చేపల చెరువు తూములయ్యాయి. ఏరుకునే నాణేలు తామరపూలయ్యాయి. ఆకాశంలో గూడబాతులు. పరిగెత్తేవాడు తలగుడ్డ చుట్టిన మా తాతగారు...

తాతగారిది మండవల్లి దగ్గర పల్లె. వయసులో ఉండగా కొల్లేట్లో దోనె వేసుకుని తిరిగిన మనిషి. ఆయన తిరిగిన నీళ్లన్నీ తర్వాత చెరువు గట్లయిపోయాయి. దీపావళికి ఏలూరు వస్తారు, అప్పుడు తన నాన్నకి ఆయన తిరిగిన కొల్లేరు చూపించాలని పిన్ని ఆశ. పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెట్టడంతో ఆట మొత్తం ఆ ఒక్క ఫ్లాపీలోనే మిగిలింది.

ఫ్లాపీకి చిన్న రేకు తలుపు ఉంటుంది, గుర్తుందా... జరిపి చూశాను. లోపల నల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ... గర్భగుడిలో స్వామిలాగే అనిపించింది. గుడి గోడకి గంధం పూసి స్వామిని వదిలేస్తామా? లోపలున్నాయనకే తడిగంధం పెట్టి, కుంకుమ అద్ది, తలుపు మూసి దణ్ణం పెట్టుకున్నాను.

పండగ మర్నాడు పిన్ని ఫ్లాపీ పెట్టింది. గరగరమంది. చదవలేనంది కంప్యూటర్. బయటికి తీసి, రేకు జరిపి చూసింది.

"దీనికి బొట్టెవరు పెట్టారమ్మా?"

"నేనే పిన్నీ. లోపలున్నాయనకి."

తిట్టలేదు. ఆ ఫ్లాపీని బల్ల మీద పక్కన పెట్టేసింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏడిస్తే గంధం పోదు గానీ, నా గళ్ల పుస్తకం ఎక్కడుందో వెతుకు" అంది.

ప్రతి బొమ్మనీ ముందు గళ్ల పుస్తకంలో రంగు పెన్సిళ్లతో వేసుకునేది పిన్ని. సీడీ ఉంది, పుస్తకం ఉంది, దీపావళికి ఇరవై రోజులే ఉంది. బడి అవగానే వెళ్లిపోయేదాన్ని. "మూడో వరస, నాలుగో గడి, ఆకుపచ్చ..." అని నేను చదవడం, తను నింపడం. నేను మొట్టమొదట చేసిన పారాయణం అదేనండీ. ఎనిమిది అంచెల ఆటలో ఒక్క అంచే తిరిగి కట్టగలిగాం.

తాతగారు వచ్చారు. మీటలు చూపించాం. తలగుడ్డ మనిషిని నాలుగడుగులు నడిపించి గట్టు మీద ఆపేశారు.

"గెంతండి తాతగారూ, ముందు తూముంది" అన్నాను.

"ఉండనియ్యమ్మా. పిట్టలు దిగుతున్నాయి... కాసేపు చూడనీ."

ఆ ఆటలో పైన ఒక గడియారం తరుగుతూ ఉండేది. సున్నా కాగానే మనిషి నీళ్లలో పడిపోయాడు. ఏం జరిగిందని అడిగారాయన. టైం అయిపోయిందని చెప్పింది పిన్ని.

"ఇక్కడా అంతేనా" అన్నారు, మెల్లగా.

పిన్ని ఆ పనిముట్టు తెరిచింది. ఎక్కడో ఏదో నొక్కింది. గడియారం పోయింది. ఇంక మా తాతగారు మధ్యాహ్నం భోజనం వేళ దాకా ఆ గట్టు మీదే నిలబడ్డారు... పిట్టలు దిగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు నేను ఊరూరా పురాణం చెబుతుంటాను. ఎవరి దగ్గరా చదువుకోలేదు, గ్రంథాలే గురువులు. మొన్న తాడేపల్లిగూడెంలో ఈ కథ చెబితే, ఇంకొకరి ఆటని మార్చుకోవడం దొంగతనం కాదాండీ అన్నారొకాయన. నాకు ఒళ్లు మండింది. వనవాసం చేసినవాళ్లు తమ ఊరి గుట్ట మీదే కాలు మోపారని చెప్పుకోని పల్లె ఉందా ఈ దేశంలో? అది దొంగతనమా? దేవుణ్ణి తన ఊరికి తెచ్చుకోవడాన్ని భక్తి అంటారండీ. ఆ పనిముట్టు చేసి ఊరికే పంచిన పేరు తెలియని మహానుభావులకి నా దణ్ణం.

కాలం ఎవణ్ణీ వదలదని వేదిక మీద గొంతు చించుకుని చెబుతాను. శాస్త్రం మాటే అది. చెబుతూ చెబుతూ ఆ పొద్దుటి గట్టు గుర్తొచ్చి, గొంతు మెత్తబడిపోతుంది...

తాతగారు లేరు. సీడీ ఏమైందో తెలీదు. గళ్ల పుస్తకం మాత్రం నా గ్రంథాలతోపాటు అదే పట్టుగుడ్డలో ఉంది. ఇప్పటి ఆటలు ధగధగలాడతాయి గానీ, చాలావాటికి జరిపి చూడ్డానికి రేకు తలుపే లేదు.

మీరూ ప్రేమకొద్దీ విప్పి మళ్లీ కట్టుకున్నదేమైనా ఉంటే ఈ కథ కింద రాయండి... నెమ్మదిగానే రాయండి. ఇక్కడ గడియారం తీసేశాను.