వాలు చూసే కామేశ్వరరావు

కామేశ్వరరావు గారు ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడుగుతారు. ఇచ్చాక వెంటనే తాగరు. సగం చెంబు నేలమీద ఒంపి, నడుం వంచి, ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తారు. అవి కదిలాక "ఊఁ, వీధిలోకి" అనో, "అబ్బే, పడకగదిలోకి" అనో గొణుక్కుని, మిగతా సగం తాగి, అప్పుడు కుర్చీలో కూర్చుని "అందరూ కులాసాయేనా?" అంటారు. ఆయనకున్న చాదస్తం ఇదొక్కటే. ఇంకొకదానికి ఇది చోటివ్వలేదు.

భ్రమరాంబని చూసుకోవడానికి కోనసీమ వచ్చినప్పుడూ ఇదే జరిగింది. పిల్ల వచ్చి చాప మీద కూర్చుంది. పిల్లవాడు వసారాలో వంగి నీళ్ళ వెంట నడుస్తున్నాడు. పిల్ల తండ్రి కాసేపు ఓపికపట్టి, గొంతు సవరించుకున్నారు.

"అబ్బాయీ, మా అమ్మాయిని చూశావా?"

"చూశానండి. మీ వసారా వాలు చాలా బాగుందండి."

"వాలు సరే. అమ్మాయి?"

"అదే చెబుతున్నానండి. ఇంత ఒద్దికగా కట్టిన ఇంట్లో పెరిగిన పిల్ల. ఇంక అడగడానికి ఏముందండి?"

పెళ్ళయింది. ఆయన వసారాని చేసుకున్నాడని భ్రమరాంబ అక్కచెల్లెళ్ళు చాలాకాలం ఏడిపించారు. భ్రమరాంబ నవ్వేది. తనకీ కొంత అనుమానంగానే ఉండేది.

హైదరాబాదులో ఆయన ఉద్యోగం వాననీటి కాలవల మీద ఇంజనీరు. చాదస్తానికి తగిన ఉద్యోగమే దొరికింది గానీ, చాదస్తం ఉద్యోగానికి మంచి చెయ్యలేదు. పై ఆఫీసరు గృహప్రవేశానికి పిలిస్తే, పాలు పొంగే వేళకి చెంబు ఒంపారు. నీళ్ళు చరచరా పాకి పురోహితుడి పంచె తడిపి, దేవుడి గదిలోకి దూరాయి.

"ఏమిటి రావుగారూ ఇది?" అన్నాడు ఆఫీసరు.

"ఏం లేదండి. మీ ఇంట్లో వానొస్తే ముందు దేవుడు తడుస్తాడండి."

ఆ వానాకాలం దేవుడు తడిశాడు. ఆఫీసరు దేవుడి గది గచ్చుని జానెడు పైకి లేపించాడు. కామేశ్వరరావు గారిని మాత్రం ఉన్నచోటనే ఉంచాడు.

భ్రమరాంబకి ఉన్న కోరికా ఒక్కటే. సొంత ఇల్లు. కాపురానికి వచ్చినప్పటినుంచీ అద్దె వాటాలే. ఇప్పుడున్నది యూసుఫ్‌గూడలో రామచంద్రం గారి వెనక వాటా. ఆయన చెడ్డవాడు కాదు, కానీ గోడంటే ప్రాణం. "మేకులు కొట్టకున్రి అమ్మా, గోడ ఖరాబైతది" అంటాడు. చుట్టాలు వస్తే, సంచి కింద పెట్టకముందే కిటికీలోంచి తొంగిచూసి "ఎన్నొద్దులుంటరు?" అంటాడు. వచ్చినవాళ్ళు మొహమాటపడి మర్నాటి బండికే వెళ్ళిపోయేవారు. ఒకసారి భ్రమరాంబ సొంత అక్క కూడా అలాగే వెళ్ళిపోయింది. నెలరోజులు ఉండాలని వచ్చిన మనిషి. ఆ పూట భ్రమరాంబ అన్నం తినలేదు.

మధ్యాహ్నం పనయ్యాక ఆమె కళ్ళు మూసుకుని తన ఇంట్లో తిరిగేది. తూర్పుకి కిటికీ ఉన్న వంటిల్లు, పదిమంది వరసగా కూర్చుని తినే చోటు, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లెమ్మనని గుమ్మం. ఇంతలో రామచంద్రం గారి దగ్గు వినిపించేది, ఇల్లు మాయమయ్యేది. పుట్టింటి మీద బెంగ కన్నా ఈ ఇంటి మీద బెంగే ఆమెకి ఎక్కువైంది. పుట్టిల్లు ఎక్కడుందో తెలుసు. ఈ ఇల్లు ఎక్కడుందో తెలియదు.

అమ్మకానికి వచ్చిన జాగాలు వాళ్ళు చూడకపోలేదు. ఎర్రగడ్డలో చూశారు, అమీర్‌పేటలో చూశారు, మదీనాగూడ దాకా వెళ్ళి చూశారు. ఆయన చెంబు ఒంపడం, కాసేపు అటూ ఇటూ నడవడం, తల అడ్డంగా ఊపడం.

"ఇక్కడ కుదరదు భ్రమరా."

"ఎందుకు కుదరదండీ? ఎత్తుగానే ఉందిగా?"

"ఎత్తుగానే ఉంది. అందుకే."

ఆ మాటకి అర్థమేమిటో ఆమె అడిగేలోపే ఆయన బస్టాపు వైపు వెళ్ళిపోయేవారు. ఎత్తయితే ఎత్తని, పల్లమైతే పల్లమని వంక పెడితే, మనుషులు గాల్లో కట్టుకోవాలా ఇళ్ళు అని ఆమెకి ఒళ్ళు మండేది.

అలా ఉండగా ఒక ఏడు వానలకి పల్లపు బస్తీలు మునిగాయి. వాననీటి కోసం వేరే శాఖ పెట్టాలని ఊరి పెద్దలు నిశ్చయించారు. దానికి మనుషులు, లారీలు, స్థలాలు కావాలి. ఖర్చుకి ఇంటి కప్పుని బట్టి ఇంటింటా రుసుము వసూలు చెయ్యాలి. ఎలాగో చెప్పడానికి బొంబాయి నుంచి కన్సల్టెంట్లని రప్పించారు. వాళ్ళు వానల గురించి తెలుసుకోవడానికి నడివేసవిలో దిగారు. ఆ ఏటి గ్రాంటు వానలదాకా ఆగదట.

వాళ్ళ పెద్ద పరాంజపే. నెమ్మదైన మనిషి. ఆయన్ని తిప్పే పని కామేశ్వరరావు గారికి పడింది. ఊరికి పడమట మాదాపూర్ దాకా తిప్పారు. మాదాపూర్ అప్పటికి ఊరి లెక్కలో లేదు గానీ, వాన హద్దురాళ్ళు చూసుకుని కురవదు కదా. బండల మధ్య సీతాఫలం పొదల్లో నిలబడి పరాంజపే చెమట తుడుచుకున్నాడు.

"ఇక్కడేదో వాగు ఉందన్నారు. ఎక్కడ?"

"తమరు నిలబడ్డదేనండి."

పరాంజపే కిందికి చూశాడు. ఎండుగడ్డి తప్ప ఏమీ లేదు. కామేశ్వరరావు గారు చెంబు ఒంపారు. కాలిన నేల నీళ్ళని గుటుక్కున మింగేసింది. ఇంకో చెంబు ఒంపారు. ఈసారి నీళ్ళు కాస్త కదిలాయి. మూడో చెంబుకి పరాంజపే కూడా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన హోటలు గదిలో కూడా గ్లాసు ఒంపి చూస్తున్నాడని ఆఫీసులో చెప్పుకున్నారు. జబ్బు అంటుకుంది.

ఊళ్ళో మాత్రం రుసుము మాట విని జనం మండిపడ్డారు. రామచంద్రం గారు కామేశ్వరరావు గారిని గుమ్మంలోనే ఆపారు.

"ఏంది సారూ, పైకెల్లి పడే నీళ్ళకు గూడ పైసలు కట్టాల్నా?"

"పడడానికి కాదండీ, పోవడానికి."

"అవి పోతనే ఉంటయి గద."

"మీ ఇంట్లోంచి పోతాయండి. పక్కింట్లోకి."

"అది పక్కింటోల్ల ఫికర్ సారూ. మనకెందుకు?"

కామేశ్వరరావు గారు ఇంట్లోకి వచ్చి, చాలాసేపు చొక్కా విప్పకుండా కూర్చున్నారు.

భ్రమరాంబ మాత్రం ఆ శాఖ కోసం దేవుడికి మొక్కుకుంది. శాఖ వస్తే ఆయన దానికి పెద్ద అవుతారు, అప్పుడు తీరిక, హోదా, ఇల్లు. ఆయనా అదే అనేవారు. "శాఖ రానీ భ్రమరా. అప్పుడు ఇల్లు కడదాం."

నివేదిక వచ్చింది, దిండంత లావుగా. అది వచ్చేనాటికి పైన కుర్చీల్లో మనుషులు మారారు. కొత్తవాళ్ళకి జనంచేత తిట్లు తినే ఓపిక లేదు. నివేదిక బీరువాలోకి వెళ్ళింది, శాఖ రాలేదు. ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం ఒకే గదిలో కూర్చుని, ఆయన శాఖ కోసం, ఆమె ఇంటి కోసం దిగులుపడ్డారు.

కొన్నాళ్ళకి ఆఫీసు హెడ్ గుమాస్తా బుల్లిబాబు వచ్చాడు. ఉద్యోగుల ఇళ్ళ సొసైటీకి ఆయనే కార్యదర్శి. సొసైటీ మాదాపూర్‌లో భూమి కొంది. ఆ రోజుల్లో మాదాపూర్‌లో ప్లాటంటే నక్కలకి పొరుగున కాపురం. అయినా సభ్యులంతా ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద.

"ముందు మీరు ఎంచుకోవాలండీ రావుగారూ. మీ చెంబు ఎక్కడ ఊఁ అంటుందో దాని పక్కన మేం పడతామండీ."

ఆదివారం పొద్దున్నే అందరూ వెళ్ళారు. కామేశ్వరరావు గారు చెంబుతో ముందు, సొసైటీ మొత్తం ఆయన వెనక. ఆయన ఆగితే ఆగారు, వంగితే వంగారు. భ్రమరాంబ ఒక రాయి మీద కూర్చుని చూస్తోంది. చివరికి ఆయన పల్లంలో ఉన్న ఒక ప్లాటు మధ్య నిలబడి "ఇది" అన్నారు. చుట్టుపక్కల ప్లాట్ల కోసం పెద్దమనుషులు తోసుకున్నారు. బుల్లిబాబు పైనున్నదాన్ని పట్టేశాడు.

"నిజంగా కుదిరిందాండీ?" అంది భ్రమరాంబ. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఊఁ" అన్నారాయన, సీతాఫలం చెట్టు వైపు చూస్తూ.

ఆమె ఆ రోజే వంటిల్లు ఎటుండాలో అడుగులు వేసి చూసుకుంది.

తొలకరి పడ్డ మర్నాడు బుల్లిబాబు గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడుతున్నాడు.

"ఏమీ అనుకోకండి భ్రమరాంబ గారూ. మీ ప్లాట్లో వాగు పారుతోందండీ. మోకాలి లోతు. మాది మాత్రం పొడిగా ఉందండీ."

ఆఫీసులో వారం రోజులు అదే నవ్వు. ఊరందరి గచ్చుల మీద నీళ్ళు ఒంపినవాడు, తీరా తను కొన్నప్పుడు వాగుని కొన్నాడు. భ్రమరాంబకి నవ్వు రాలేదు.

"మీకు తెలియదా అక్కడ నీళ్ళు పారతాయని?"

"తెలుసు."

"తెలిసే కొన్నారా?"

"ఊఁ."

ఆమె మాట్లాడ్డం మానేసింది. కంచం పెట్టేది, కూర వడ్డించేది, గోడ వైపు తిరిగేది. మధ్యాహ్నాలు కళ్ళు మూసుకున్నా ఇల్లు కనిపించడం లేదు. వాగు ఒక్కటే కనిపించేది.

ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం ఉండబట్టలేక తనే బయల్దేరింది. బస్సు దిగి, రాళ్ళ మధ్య నడిచి, ప్లాటు చేరేసరికి వాన అందుకుంది. నీళ్ళు ఆమె వంటింటికి అనుకున్న చోటు మీదుగా హాయిగా పోతున్నాయి. దిగువన రాళ్ళు కొట్టుకునేవాళ్ళ గుడిసెలు. అందులోంచి ఒకామె నెత్తిన గోనె కప్పుకుని వచ్చింది. పేరు నీలమ్మ.

"ఎవరమ్మా? తడుస్తున్నవ్, లోపటికి రా."

"ఈ ప్లాటు మాదే."

"అయ్యో, మా సారు ఇంటామెవా?" నీలమ్మ చెయ్యి పట్టుకుని గుడిసెలోకి లాక్కుపోయింది. లోపల నేల పొడిగా ఉంది. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. "ఈ ఇల్లు మీ సారు పున్యమే అమ్మా. బొంబాయోల్లు రాకముందు ఏడు ఆ పల్లంల ఎవరో మట్టి నింపిన్రు, అమ్మెతందుకు. వాన పడంగనె నీళ్ళన్ని మా దిక్కు మళ్ళినయి. పొయ్యి కొట్టుకపోయింది. మా అత్త మంచంతోని సహా పోయి బయట తేలింది."

"అయ్యయ్యో. ఏమైనా అయిందా?"

"ఏం గాలె. ఇప్పటికి గూడ ఆ మంచం దిగదు. మట్టి ఆ వానలకే పోయింది. మల్ల నింపుతరని పరేషాన్ ఉంటిమి. బొంబాయోల్లు వచ్చినప్పుడు చెప్పినం. ఈ జాగ కొత్త ఆఫీసు తీసుకుంటది, ఎవ్వరు కట్టరు అన్నడు సారు. ఆ ఆఫీసే రాకపాయె. ఇగ నేనే తీసుకుంట అన్నడు. మా ఇంట్ల చెప్పి ఒప్పిస్త అన్నడు. చెప్పలేదా?"

"చెప్పలేదు."

"భయమేమో" అంది నీలమ్మ.

భ్రమరాంబకి ఎర్రగడ్డ గుర్తొచ్చింది. అమీర్‌పేట, మదీనాగూడ గుర్తొచ్చాయి. ఎత్తుగానే ఉంది, అందుకే. అంత ఎత్తున తాము కట్టుకుంటే ఆ నీళ్ళు దిగువనున్న ఎవరి పొయ్యిలోకో పోతాయని. ఇన్నేళ్ళూ ఆయన తన ఇంటి కోసం వంగి చూస్తున్నాడనుకుంది. ఆయన చూసింది పక్కవాళ్ళ ఇల్లు. ఆమెకి ఆయన మీద జాలి, గౌరవం, కోపం మూడూ ఒక్కసారే వచ్చాయి. అయినా ఇంటి మీద ఆశ చావలేదు.

"నీకు ఇల్లు మిగిలింది నీలమ్మా. నాకు వాగు మిగిలింది" అంది.

నీలమ్మ బయటికి వేలు చూపించింది. ప్లాటు మూల ఏనుగంత బండ, వానలో నల్లగా నిలబడి ఉంది. "దానిమీదికి నీళ్ళు ఎన్నడు ఎక్కలేదమ్మా. ఎంత వానకైనా పక్కకెల్లే పోతయి. రాయి కొట్టెటోల్లం మేమున్నం. ఒక అర్ర పడతది."

ఇంటికి వచ్చి, తల తుడుచుకుని, కామేశ్వరరావు గారి ఎదురుగా కూర్చుంది. మాట్లాడి చాలా రోజులైంది.

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే" అని ఆయన తల దించుకున్నారు.

"మీ వాననీటి శాఖకి మొత్తం ఎన్ని స్థలాలున్నాయి?"

"అదొక్కటే."

"ఉద్యోగులు?"

"నేనొక్కణ్ణే."

"నన్నూ వేసుకోండి" అంది భ్రమరాంబ. "కానీ శాఖన్నాక ఆఫీసు ఉండాలి. ఆ బండ మీద కడదాం. నీళ్ళు ఎటు పోతాయో నేను చూసే వచ్చాను."

కామేశ్వరరావు గారు తల ఎత్తి చూశారు. పెళ్ళిచూపుల నాడు కూడా ఆయన ఆమెని అంతసేపు చూడలేదు.

మరుసటి వానాకాలానికి బండ మీద ఒక గది లేచింది. వంటకి ఒక మూల, తూర్పుకి కిటికీ. నీలమ్మ వాళ్ళు బండలోనే మెట్లు చెక్కారు. గృహప్రవేశానికి ఆఫీసు వాళ్ళంతా వచ్చారు, రామచంద్రం గారూ వచ్చారు, కోనసీమ నుంచి అక్క వచ్చింది. పాలు పొంగి, భోజనాలు మొదలయ్యేసరికి ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. బండ చుట్టూ వాగు నిండిపోయింది. కింది మెట్టు మునిగింది. లోపలున్నవాళ్ళు లోపలే.

రామచంద్రం గారు గుమ్మంలో నిలబడి, చెప్పులు చేత్తో పట్టుకుని, దిగువకి చూశారు. "ఇగ ఇది ఎప్పుడు తగ్గుతదమ్మా? నేను పోవాల్నాయె."

"చెప్పలేమండీ" అంది భ్రమరాంబ. బుల్లిబాబుని జరగమని ఆయనకి పీట వేసింది. "ఒక్కోసారి పొద్దు గూకేదాకా పారుతుందట."

"మరెట్ల?"

"ఎట్లా ఏముందండీ, కూర్చోండి. మా ఇల్లే కదా" అని, పెసరట్ల పిండి ఇంకో గిన్నెడు తీసి పెనం ముందుకి జరిగింది.