చల్లటి పొద్దున మా బండి

మా ఊరి చెరువులో నీళ్లు లేని ఏళ్లలోనే నాకు మోటారు సైకిళ్ల పిచ్చి ముదిరింది. ఐటిఐలో ఫిట్టరు పని నేర్పే ఉద్యోగం చేసి, రిటైరై, కుందుర్పి వైపున్న సొంతూరికి వచ్చేశాను. చేతి నిండా తీరిక. వరసగా వానలు ఎగ్గొట్టడంతో చెరువు అడుగు పలకలా గట్టిపడి ఉండేది. ఎండిన తుమ్మకంప తప్ప అడ్డం లేని చదును నేల. బండిని తిన్నగా, ఒక్క ఊపున పరుగెత్తించడానికి అంతకంటే మంచి చోటు చుట్టుపక్కల లేదని నేను సంతోషపడిన మాట నిజం. ఊళ్లో అందరూ ఆ చెరువును చూసి మొహం తిప్పుకునే రోజుల్లో నేను దాన్ని అడుగులతో కొలిచాను.

బండి పుట్టపర్తిలో ఒక లాడ్జి వెనక, పాత పరుపుల కింద దొరికింది. ఎవరో విదేశీ భక్తుడు దాని మీద వచ్చి, వెళ్లేటప్పుడు వదిలేసి పోయాడట. డెబ్బైల్లో జపానులో తయారైనది, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. గాలి డబ్బాలో ఎలుకలు కాపురం పెట్టాయి. పిస్టన్లు తుప్పుతో సిలిండర్లకు అతుక్కుపోయాయి. దాన్ని తెచ్చి మా ఖాళీ కొట్టంలో పెట్టి, విప్పిన ప్రతి మరనూ గుడ్డ మీద వరసగా పేర్చి, ఏది ఎక్కడిదో డైరీలో బొమ్మ గీసుకుంటూ పోయాను. మా ఆవిడ గడపలో నిలబడి చూసేది.

"ఎద్దుల్ని కట్టేసే చోట ఇనుమును కట్టేసినావు. రోంత గడ్డి గూడా వెయ్యి దానికి" అనేది.

తుప్పు వదిలించి, సిలిండర్లు రీబోర్ చేయించాను. అక్కడితో ఆగి ఉంటే పాత బండిని బాగు చేసుకున్న ముసలాయన అని ఊరుకునేవాళ్లు. ఆగలేదు. సిలిండరు లోపల పొగా గాలీ నడిచే దారుల్ని అరంతో రుద్ది వెడల్పు చేశాను. రేకును చుట్టి, నడిమిన ఉబ్బి చివర సన్నబడే పొగగొట్టాలు నేనే అతికించాను. దాంతో బండి మెల్లగా నడవడం మరిచిపోయింది. సగం వేగం దాకా దగ్గుతూ పోయి, ఆ తర్వాత ఎవరో వెనకనుంచి తన్నినట్టు దూకేది. తోలేవాడు ఎంత తేలికగా ఉంటే అంత మంచిది కాబట్టి కల్యాణదుర్గం బస్సు కండక్టరును, బక్కపలచటి మనిషిని, ఎంచుకున్నాను. హిందూపురం నుంచీ కొత్తచెరువు నుంచీ ఇలాంటి పాత బండ్లు పెట్టుకున్న మెకానిక్కులు ఆదివారాలు మా చెరువులోకి వచ్చేవాళ్లు. రెండేసి బండ్లు పక్కపక్కన నిలబడేవి. రుమాలు ఊపితే బయలుదేరడం, అవతలి సున్నపు గీత ముందు దాటినవాడు గెలిచినట్టు. అంతే ఆట.

ఆ ఏడు మా ఊరి జాతరలో ఈ ఆటను కూడా పెట్టారు. మామూలుగా అక్కడ జరిగేది బండలాగుడు. ఎద్దుల జత పెద్ద రాతిబండను లాగాలి, ఎక్కువ దూరం లాగిన జతకు బహుమతి. కానీ మేత లేక చాలామంది ఎద్దుల్ని అమ్ముకున్నారు. రెండు మూడు జతలకు జనం ఏం వస్తారని కమిటీ వాళ్లు మా బండ్లను కలిపారు.

మిగిలిన ఆ జతల్లో ఒకటి మా పక్కింటి రైతుది. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. సాయంత్రాలు మా కొట్టంలో కూర్చుని నా పని చూస్తూ బీడీ కాల్చేవాడు. పెట్రోలు ఉందని అరిస్తే ఆర్పేవాడు. జాతరకు ముందు ఒకరోజు అతను తన ఎద్దుల సంగతి చెప్పాడు.

"మేతకు దాచిన చెనిక్కాయ కట్టె గూడా అయిపోయిందన్నా. కన్నడపక్క నుంచి ఒక ఆసామి వస్తాండాడు. బండలాగుడు ఎద్దుల్నే సాకుతాడంట. జాతర్లో చూసి మెచ్చినాడంటే రెండూ ఒకే కొట్టానికి పోతాయి."

"మెచ్చకుంటే?"

"సంతకు. ఇప్పుడు సంతలో కొనేది ఎవరో నీకు తెలీదా? కోతకు తోలేవాళ్లే గదా."

ఆ మాట విన్న వారంలోనే కమిటీ పెద్దమనిషి నా దగ్గరికి వచ్చాడు. తెల్లవారగానే ఎద్దులు, ఆ తర్వాత బండ్లు అని రాసుకొచ్చాడు. ఎప్పుడూ ఉండే పద్ధతి అదే, చల్లపొద్దులోనే బండ లాగిస్తారు. నేను చదివి తల అడ్డంగా ఊపాను.

"ఎండెక్కితే మా ఇంజన్లు తట్టుకోవప్పా. వేడి గాలికి బలం తగ్గుతాది. పిస్టన్ పట్టేసిందంటే తోలేవాడు ఎగిరి పడతాడు. పొద్దున్నే మాకియ్యి."

"నీ మాట కాదంటామా సార్" అని అతను అక్కడే పెన్ను తీసి పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి మార్చాడు. "ఎద్దులదేముండాది, ఎప్పుడు కట్టినా లాగుతాయి. నోరుండాదా వాటికి?"

ఇద్దరం నవ్వాం. ఆ సమయంలో పక్కింటి ఎద్దులు నాకు గుర్తు రాలేదని రాయడానికి లేదు. గోడకు అవతల వాటి మెడగంటలు వినబడుతూనే ఉన్నాయి. కాస్త ఆలస్యమైతే ఏమవుతుందిలే అనుకున్నాను.

జాతర నాడు తెల్లవారుజామున గాలి ఎంత చల్లగా ఉందో థర్మామీటరు పెట్టి చూసి, దానికి తగ్గ జెట్టును, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్న బెజ్జం మరను, కార్బురేటరుకు బిగించాను. పూజారి బండ్లకు పసుపు రాసి టెంకాయ కొట్టాడు. మైకు పట్టుకున్నవాడు ఏళ్ల తరబడి ఎద్దుల పోటీలకు చెప్పిన మనిషి. నోరు తిరగక "కుడిపక్క నల్లెద్దు, కాదు కాదు, నల్లబండి!" అంటుంటే జనం విరగబడి నవ్వారు. మా కండక్టరు గీత దగ్గర కాస్త వెనకబడితే చాలు, "రైట్ రైట్ అనండ్రా, లేకుంటే కదల్డు!" అని గట్టు మీద నుంచి అరుపులు.

త్వరగా అయిపోవలసిన ఆట తెమల్లేదు. రుమాలు ఊపకముందే కదిలాడని ఒక గొడవ. చైను తెగిందని, మళ్లీ తోలాలని ఇంకో గొడవ. ప్రతి గొడవలోనూ నేను ముందున్నాను. నియమం నియమమే అని వాదించి, రెండుసార్లు మళ్లీ తోలించాను. చివరికి మా బండే గెలిచింది. సిలిండరు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. అంత పరుగుకూ ఇంజను పెద్దగా కాగలేదు. నా లెక్క సరిపోయిందని మురిసిపోతూ తలెత్తితే పొద్దు నడినెత్తికి వచ్చింది.

పక్కింటి రైతుకు మార్పు సంగతి ఎవరూ చెప్పలేదు. ఎప్పటిలాగే తెల్లారకముందే కొమ్ములకు రంగులు పూసి, జతను తోలుకొచ్చాడు. నీడ లేని చెరువులో ఎద్దులు అప్పటినుంచీ నిలబడే ఉన్నాయి. కడవలో తెచ్చిన నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. మా బండ్లు చిమ్మిన దుమ్ము వాటి వీపుల మీద పేరుకుంది.

బండ కట్టారు. మొదట బాగానే లాగాయి. మైకువాడి గొంతు కూడా లేచింది. సగం దారిలో కుడిపక్క ఎద్దు ముందరి మోకాళ్ల మీద కూలబడింది. నోటి నుంచి నురగ. "ఎయ్యి, ఒక్కటెయ్యి!" అని జనం కేకలేశారు. రైతు చెర్నాకోలను కింద పారేసి, తనే కాడి విప్పాడు.

కన్నడపక్క ఆసామి దగ్గరికొచ్చి రెండింటినీ తట్టి చూశాడు. "ఎడమది తోలుకుపోతా. కుడిది బేడ, వద్దు" అన్నాడు.

నేను ఉండబట్టలేక అతని వెంట పడ్డాను. "రేపు తెల్లారి మళ్లా కట్టి చూడప్పా. ఎండకు పడిందే గానీ దాంట్లో లోపం లేదు."

"ఎండకు పడేది నాకేం పనికొస్తాది సార్?"

"బండలాగుడు పొద్దున్నే గదా పెట్టేది, యాడైనా!"

"మీ ఊర్లో మధ్యాన్నం పెట్టినారే" అన్నాడు.

అతను ఎగతాళికి అనలేదు. చూసింది చెప్పాడు. అంతలో మైకులో నన్ను వేదిక మీదికి పిలిచారు. ఎడమ ఎద్దును ట్రాక్టరు ట్రాలీలోకి ఎక్కిస్తూ ఉంటే, ఆ ఎండలో నా భుజాల మీద శాలువా కప్పారు. జనం చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టాను. ఆ రోజు డైరీలో జెట్టు నంబరు రాసుకున్నాను. ఎద్దుల గురించి రాయలేకపోయాను.

తర్వాత కొన్నాళ్లు అతను కొట్టంలోకి రాలేదు. నేనూ గోడ అవతలికి వెళ్లలేదు. సంత ముందు రోజు సాయంత్రం ఇక ఉండలేక వెళ్లాను. మిగిలిన ఎద్దు కొట్టంలో కుడి పక్కకే ఒదిగి నిలబడి ఉంది. అతను దానికి కుడితి పెడుతున్నాడు.

"దీన్ని అమ్మొద్దప్పా. వాన పడేదాకా మేత నేను చూస్తా" అన్నాను.

"పడినాంక? ఒంటెద్దును పెట్టుకోని ఏం దున్నేది? దీని పక్కన కట్టేకి ఇంగోదాన్ని యాడ తెచ్చేది?" అని కుడితి తొట్టిని కాలితో దగ్గరికి జరిపాడు. తర్వాత నా వైపు చూడకుండానే అడిగాడు. "పొద్దున పూట బండ్లకిమ్మని అడిగింది నువ్వేనంట గదా అన్నా?"

"నేనే."

తిడతాడని నిలబడ్డాను. తిడితే బాగుండేది. అతని ముఖంలో కోపం లేదు. ఎవరైనా కొత్త సంగతి చెబితే వినే మనిషిలా ఉన్నాడు.

"అట్ల అడగొచ్చని నాకు తెల్దన్నా. తెలిసింటే నేనూ అడిగిండేవాణ్ని."

ముప్పై ఏళ్లు కొలతలు నేర్పినవాణ్ని. అడిగితే ఇస్తారని నాకు పుట్టుకతోనే తెలుసు. అతనికి తెలియదన్న సంగతి, పక్క గోడవాణ్నై ఉండీ, నాకు ఆ రోజు దాకా తెలియదు.

మరుసటి ఉదయం సంత లారీ వచ్చింది. లారీకి ఆనించిన పలక ఎక్కనని ఎద్దు మొండికేసింది. అతను వెనకనుంచి తోస్తూ, గోడ పక్కన నిలబడిన నన్ను చూసి పిలిచాడు.

"అన్నా, ఈ తాడు రోంత పట్టుకో. గట్టిగా పట్టుకో, బెదిరిందంటే కాళ్లిరగ్గొట్టుకుంటాది."

వెళ్లి గట్టిగానే పట్టుకున్నాను.